అరిగిన పళ్లు, కొత్త చైను

మా పెద్దమ్మ ఇరవై మూడేళ్లు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసింది. ఆ ఉద్యోగం చేసీ చేసీ ఆమెకు అనుమానం పట్టుకుందో, అనుమానం మనిషి కాబట్టే ఆ ఉద్యోగం దొరికిందో ఇంట్లో ఎవరమూ తేల్చలేకపోయాం. మా అమ్మను అడిగితే, "అక్క పుట్టుకే అంత. చిన్నప్పుడు దాగుడుమూతల్లో తన వంతొస్తే కళ్లు మూసుకునేది కాదు. మీరు దొంగాట ఆడతారేమోనని చూస్తున్నా అనేది" అంటుంది.

బస్సెక్కగానే పెద్దమ్మ ముఖాలు చూడదు, పాదాలు చూస్తుంది. టికెట్ లేనివాడి పాదాలు తలుపు వైపు తిరిగి ఉంటాయట. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. చుట్టాలొచ్చి కూర్చుంటే వాళ్ల కాళ్లు చూసి, వంటింట్లోకి వెళ్లి పెదనాన్నతో, "మీ తమ్ముడు రాత్రికి ఉండడు, చూడండి" అనేది. నిజంగానే ఉండేవాడు కాదు. "అలా కాళ్ల వంక చూస్తూ కూర్చుంటే ఎవడుంటాడే" అనేవాడు పెదనాన్న.

పెదనాన్నది కట్టుడు పళ్లు చేసే పని. దంతవైద్యులు అచ్చులు పంపిస్తే వాటిని బట్టి పళ్ల సెట్లు తయారుచేసి ఇచ్చేవాడు. ఇంటి ముందుగదే ఆయన పనిగది. బల్ల మీద ఎప్పుడూ ఎవరివో నాలుగైదు దవడలు నోరు తెరుచుకుని ఉండేవి. ఇప్పుడు చెప్పబోయే సైకిలు సంగతి నాకు కొంత పెద్దమ్మ చెప్పింది, కొంత ఆయన చెప్పాడు. ఇద్దరి మాటా కలవని చోట నేను ఆయన మాటే తీసుకున్నాను.

పెద్దమ్మకు నలభై ఎనిమిదో ఏట సైకిలు మీద మనసు పోయింది. ఆరోగ్యం కోసం కాదు. తనిఖీ ఆఫీసును ఊరి చివర గుట్ట మీది డిపోకు మార్చారు. రోజూ పొద్దున అక్కడ సంతకం పెట్టి, అక్కడి నుంచే బస్సులో దిగి రావాలి. ఆమె ఏ బస్సెక్కిందో గేటు దాటక ముందే కండక్టర్లందరికీ ఫోన్లు వెళ్లిపోయేవి. "డేగ దిగుతోంది" అనేది వాళ్ల సంకేతం. ఆ రోజు ఆ దారిలో ప్రతి ప్రయాణికుడి చేతిలోనూ టికెట్ ఉండేది. ఇంత నిజాయితీ ఆమెకు మింగుడు పడలేదు.

"సైకిలుంటే ఏ స్టాపులో ప్రత్యక్షమవుతానో ఎవడికీ తెలీదు" అంది పెదనాన్నతో. "స్తంభానికి తాళం వేసి బస్సెక్కుతా. రెండు స్టాపుల తర్వాత దిగి, ఎదురొచ్చే బస్సెక్కి, దాన్నీ చూసి సైకిలు దగ్గరికొస్తా."

"బుట్ట ఉన్నది తీసుకో. కూరగాయలకు పనికొస్తుంది."

"కూరగాయలకు కాదండీ, దొంగలకు. తేలిగ్గా ఉండాలి, జోరుగా పోవాలి. వంపు హ్యాండిలుండే రేసు సైకిలే కావాలి."

కొత్తది కొనే ఉద్దేశం లేదు. పాతది కొనాలంటే భయం. అందుకని మూడు వారాలు సైకిళ్ల గురించి చదివింది, కనబడిన సైకిలు వాడినల్లా ఆపి అడిగింది, తనిఖీ పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాసుకుంది. ముందు పెడలు దగ్గర రెండు పళ్ల చక్రాలు, వెనక ఎనిమిదో తొమ్మిదో. ముందు చక్రానికి ఎన్ని పళ్లో వెనక చక్రానికీ అన్నే ఉంటే పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు బండి చక్రమూ ఒకే చుట్టు తిరుగుతుంది. ముందు పెద్దది, వెనక చిన్నది అయితే జోరు. ముందు చిన్నది, వెనక పెద్దది అయితే ఎత్తు ఎక్కడం సులువు. డిపోకు రెండు కిలోమీటర్ల ఎత్తు. కాబట్టి సైకిలు రంగూ పేరూ కాదు, పళ్లు చూడాలి అని తేల్చుకుంది.

"గొడ్డును కొనేటప్పుడు పళ్లు చూడమన్నారు పెద్దలు. సైకిలుకూ అంతేనన్నమాట" అన్నాడు పెదనాన్న. పళ్లు అనగానే ఆయనకూ ఆసక్తి పుట్టింది.

కాగితాల దుకాణం గోడ మీద ప్రకటన కనబడింది. 'గేర్ల సైకిలు అమ్మబడును. ఒక్కరే వాడినది.' పెద్దమ్మ దాని ముందు చాలాసేపు నిలబడింది. ఒక్కరే వాడారని ఎందుకు రాశాడు? ఎవరడిగారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? అయినా చిరునామా రాసుకుంది.

ఆదివారం పొద్దున ఇద్దరూ వెళ్లారు. సన్నటి సందులో చివరి ఇల్లు. ముందు గదిలో కుట్టని పుస్తకాల కట్టలు, జిగురు వాసన. ప్రెస్సులో బైండింగ్ పని చేసే మనిషి, యాభై దాటినవాడు, బక్కగా ఉన్నాడు. తలుపు తీసి ఒక్క క్షణం ఆగి, "రండి మేడమ్" అన్నాడు.

మేడమ్ అని ఎందుకన్నాడు? అమ్మా అనొచ్చు, అక్కా అనొచ్చు. యూనిఫాం కూడా వేసుకోలేదే. పెద్దమ్మ ఈ సంగతి మనసులో ఒక మూల పెట్టుకుంది.

సైకిలు పెరట్లో గోడకు ఆనించి ఉంది. ముదురు నీలం రంగు. తుడిచి పెట్టాడు. తుడిచాడంటే ఏదో పోగొట్టడానికేనని ఆమె నమ్మకం. మొదట సీటు కింద చూసింది, తర్వాత ఫ్రేము గొట్టాలను వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వింది. సంచీలోంచి సుద్దముక్క తీసి ఒక పన్నుకు గుర్తు పెట్టి, చక్రం తిప్పుతూ లెక్క మొదలుపెట్టింది. ముందు పెద్దది యాభై మూడు, చిన్నది ముప్పై తొమ్మిది. వెనక తొమ్మిది చక్రాలు, పన్నెండు పళ్ల నుంచి ఇరవై ఐదు దాకా. ప్రతి చక్రాన్నీ రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అదీ ఆమెకు నచ్చలేదు.

"ఎందుకు అమ్ముతున్నారు?"

"ప్రెస్సు ఇదివరకు గుట్టకు అవతల ఉండేది. ఇప్పుడు మా వీధి మొదట్లోకే వచ్చేసింది. నడిచే వెళ్తున్నా."

వచ్చేటప్పుడు ప్రెస్సు బోర్డు ఆమె చూసింది. రంగు కొత్తగానే ఉంది. సరే.

పెదనాన్న జేబులోంచి తన భూతద్దం తీసి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి, "ఇటు చూడవే" అన్నాడు. "పెద్ద చక్రాల పళ్లు ఎలా సన్నబడి మొన తేలాయో. చిన్న వాటి పళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి. ఎత్తు బాగా ఎక్కిన బండి. దిగేటప్పుడు తొక్కక్కర్లేదు కదా, అందుకని చిన్నవి అరగలేదు. కానీ చైను కొత్తది. అరిగిన దవడకు కొత్త సెట్టు పెడితే ఎలా ఉంటుంది? కొరికితే జారుతుంది."

"అదే చెబుదామనుకుంటున్నా సార్" అన్నాడు బైండరు.

పెద్దమ్మకు ఒళ్లు మండింది. టికెట్ లేకుండా దొరికిన ప్రతివాడూ చెప్పే మాట అది. ఇప్పుడే తీసుకుందామనుకుంటున్నా మేడమ్. ఇన్నేళ్లలో కొన్ని వేలసార్లు విని ఉంటుంది.

"నేను తొక్కి చూస్తా" అంది.

సందు దాటగానే చిన్న ఎత్తు ఉంది. వెనక పెద్ద చక్రం మీదికి గేరు మార్చి, లేచి నిలబడి బలంగా తొక్కింది. నాలుగో తొక్కుకు చైను టక్కుమని పళ్ల మీంచి జారింది. కాలు ఒక్కసారిగా కిందికి పోయి మోకాలు హ్యాండిలుకు కొట్టుకుంది. కుంటుకుంటూ సైకిలు నడిపించుకుని వెనక్కి వచ్చింది.

బైండరు ముఖం చిన్నబోయి ఉంది. "చెప్పేలోపే వెళ్లిపోయారు. పోయిన నెల చైను తెగిపోతే అదొక్కటే వేయించా. తప్పు నాదే. వెనక పళ్లు కూడా మారిస్తేనే పట్టు దొరుకుతుంది. అది కాక ఎడమచేతి గేరు మీట చలికి పట్టేస్తుంది, రెండుసార్లు నొక్కాలి. వెనక రిమ్ముకు సన్నటి సొట్ట ఉంది, బ్రేకు వేస్తే తెలుస్తుంది. ముందు బ్రేకు రబ్బర్లు కూడా అయిపోవచ్చాయి." సైకిలును మళ్లీ గోడకు ఆనిస్తూ, "మీరు గుట్ట ఎక్కడానికే అయితే ఈ గేర్లు మీకు బరువవుతాయి. నాకైతే అలవాటైపోయింది" అన్నాడు.

గుట్ట మాట ఆమె అనలేదు. పెదనాన్నా అనలేదు. ఆమె కళ్లు చిట్లించింది.

"ఆలోచించుకుని చెప్తాం" అని బయటికి వచ్చేస్తూ వెనక్కి చూసింది. ఆ మనిషి గదిలో కత్తిరించిన కాగితం పీలికలు ఏరుతున్నాడు. ఒక్కొక్కటీ నిలువుగా మడిచి, ఎడమచేతి వేళ్ల సందుల్లో వరసగా పెట్టుకుంటున్నాడు.

సగం దారిలో పెద్దమ్మ టక్కున ఆగిపోయింది.

"ఏమండీ, వాడు కండక్టరు. నోట్లు అలా వేళ్ల మధ్య పెట్టుకునేది కండక్టర్లే. తొమ్మిదేళ్ల కింద నేనే రాశాను రిపోర్టు. వాడిన టికెట్లు ఏరి మళ్లీ అమ్ముతున్నాడని. పదకొండు పట్టుకున్నా. కింద పడి ఉన్నవి మేడమ్, నేను అమ్మలేదు అని ఒకటే ఏడుపు. ఉద్యోగం తీసేశారు."

పెదనాన్న కూడా నిలబడిపోయాడు. "అయితే వద్దు. వదిలేయ్."

"వదిలేస్తే భయపడ్డాననుకుంటాడు."

"భయపడలేదా?"

"పడ్డా. అందుకే చూడాలి. నన్ను గుర్తుపట్టి కూడా చెప్పలేదంటే లోపల ఏదో పెట్టుకున్నాడు. చిన్న చిన్న లోపాలు ఎందుకు చెప్పాడో ఇప్పుడు తెలిసింది. చిల్లర దొంగను చూపించి గజదొంగను దాచడం. ఎక్కడో బ్రేకు తీగ సగం కోసి ఉంటాడు."

మర్నాడు ఒక్కతే వెళ్లింది. ముందు రోజు మీరు అన్న మనిషిని ఈసారి నువ్వు అంది. "సైకిలు మేస్త్రీకి చూపించాలి. ఇస్తావా?" అంది. "తీసుకెళ్లండి మేడమ్, ఎన్ని రోజులైనా ఉంచుకోండి" అన్నాడు. బయానా అడగలేదు. నమ్మి ఇచ్చేవాడిని ఆమె ఎన్నడూ నమ్మలేదు.

ఆ ఊళ్లో రేసు సైకిళ్లు బాగుచేసేది ఒక్కడే. చక్రాల చువ్వలు చెవితో విని సరిచేస్తాడని ఆయన్ను చువ్వల తాత అనేవాళ్లు. పెద్దమ్మ ఆయన పక్కనే నిలబడి, ప్రతి మరా విప్పించింది.

"అమ్మా, కాస్త పక్కకు జరుగు. నీ నీడలో నాకేం కనబడట్లేదు."

"తీగలు చూడు తాతా. కోసి ఉంటాయి."

చూశాడు. తీగలు బాగున్నాయి. ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్లు లేవు. ముందు ఫోర్కు నిటారుగా ఉంది. పెడళ్ల ఇరుసు ఊగట్లేదు. అరిగిన పళ్లు, పట్టేసే మీట, రిమ్ము సొట్ట, బ్రేకు రబ్బర్లు. బైండరు చెప్పినవి నాలుగే, దొరికినవీ నాలుగే.

"ఈ సైకిలు అతను నీకు తెలుసా?" అని అడిగింది పెద్దమ్మ, ఇద్దరూ కలిసి ఆడుతున్నారేమోనని.

"తెలీకేం? చైను నేనే వేశా. పళ్లు కూడా మార్చమని చెప్పా, వినలేదు. ఇప్పుడెలాగూ మార్చాలి కాబట్టి నీకు సరిపోయేవి పెట్టించుకో. గుట్టెక్కాలంటున్నావుగా?"

"ముందు ముప్పై నాలుగు పళ్లది పెట్టు. నేను చదివా."

"ఇక్కడ ఎక్కదు. చక్రాన్ని పట్టి ఉంచే మరల మధ్య ఎడం దీనికి ఎక్కువ. ముప్పై ఎనిమిది కంటే చిన్నది పట్టదు. పెట్టాలంటే పెడలు కాడలతో సహా మొత్తం మార్చాలి. అంత ఖర్చెందుకు?"

"పోనీ వెనక ముప్పై రెండుది?"

తాత చైనును పట్టి వేలాడే చిన్న చేయిని వేలితో కదిపి చూపించాడు. "చైనును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి నెట్టేది ఇదే. దీని కాడ పొట్టిది. అంత పెద్ద చక్రానికి అందదు. ఇరవై ఎనిమిది దాకా లాగుతుంది. అదీ నేను సర్దితేనే. ఇప్పుడున్న ఇరవై ఐదుకూ దానికీ తేడా చూడ్డానికి మూడు పళ్లే. గుట్ట మీద ఆ మూడే నీ ప్రాణం కాస్తాయి. ఊపిరి మాత్రం నువ్వే తెచ్చుకోవాలి."

ఎక్కువ ఖర్చు చెప్పి ఉంటే మోసం అనుకునేది. తక్కువ చెప్పాడు. ఇందులో మోసం ఎక్కడుందో ఆమెకు అందలేదు.

ఆ తర్వాతి నాలుగు రోజులూ సైకిలు ఇంట్లోనే, పళ్ల సెట్ల బల్ల పక్కనే ఉంది. పెద్దమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. పెదనాన్న ఏమని అడిగితే మొదట చెప్పలేదు. చివరికి చెప్పింది.

"ఇన్ని నిజాలు చెప్పేవాడు ఆ రోజు కూడా నిజమే చెప్పాడేమోనండీ."

పెదనాన్న చేతిలో ఉన్న కింది దవడను బల్ల మీద పెట్టాడు. "వెళ్లి అడుగు" అన్నాడు.

ప్రెస్సులో మధ్యాహ్నం అన్నాల వేళ. యంత్రాలు ఆగి ఉన్నాయి. బైండరు కాగితపు రీముల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

"నేనెవరో మొదటి రోజే తెలుసు నీకు" అంది పెద్దమ్మ.

"తెలుసు మేడమ్. గుట్ట మీది డిపోకు మారారనీ తెలుసు. పాత స్నేహితులు చెప్తుంటారు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కొనరని."

తర్వాతి మాట అడగడానికి చాలా కష్టపడ్డానని పెద్దమ్మ నాతో అంది. "ఆ టికెట్లు. కింద పడి ఉన్నాయన్నావు. నిజం చెప్పు. నేను పొరపాటు పడ్డానా?"

బైండరు జిగురు అంటిన వేళ్లను గుడ్డతో తుడుచుకున్నాడు. "లేదు మేడమ్. అమ్మాను. పాత టికెట్లే."

పెద్దమ్మకు ఊరట కలగాలి. కలగలేదు.

"మరి అంత ఏడ్చావు?"

"దొరికితే ఏడుపు రాదా మేడమ్?" అన్నాడు. "ఒక్కటి మాత్రం. మీరు పదకొండని రాశారు. నేను అమ్మింది ఏడు. మిగతా నాలుగూ నిజంగానే సీట్ల కింద పడి ఉన్నవి. ఎవరికీ చెప్పలేదు. దొంగతనం చేసినవాడు లెక్క దగ్గర గొడవ పడితే నవ్వరా?"

"సైకిలు గురించి మాత్రం ఒక్కటీ దాచలేదే?"

"మీరు పళ్లు రెండేసి సార్లు లెక్కపెడుతుంటే ఏం దాచను మేడమ్?"

అది నిజాయితీయో జాగ్రత్తో ఆమెకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ జవాబు నచ్చింది. సైకిలు కొంటానంది. అడిగిన ధరే ఇచ్చింది. సైకిళ్ల గురించి ఆమె విన్న సలహాల్లో అలా చేయమని ఒక్కటీ లేదు.

మర్నాడు డిపో రికార్డు గదికి వెళ్లి తొమ్మిదేళ్ల కిందటి కట్ట తీయించింది. రిపోర్టుకు కుట్టిన కవరులో ఆ పదకొండు టికెట్లూ ఉన్నాయి. పెదనాన్న భూతద్దం తీసుకెళ్లింది. ఏడింటి మీద అతని టికెట్ మిషను నంబరు ఉంది. నాలుగింటి మీద వేరే కండక్టరు నంబరు, అంతకు ముందు రోజు తేదీ. అవి అతను అమ్మాలన్నా కుదిరేవి కావు. ఆ రోజు ఆమె చేతిలో ఉన్నవే. చూడలేదు. దొంగ దొరికాడన్న ఆత్రంలో లెక్కపెట్టిందే గానీ చదవలేదు.

అక్కడే నిలబడి సవరణ కాగితం రాసింది. పదకొండు కాదు, ఏడు. గుమాస్తా అది చదివి నవ్వాడు. "తొమ్మిదేళ్ల తర్వాత ఇదెందుకు మేడమ్? ఏడైనా పదకొండైనా పోయే ఉద్యోగమే కదా?"

"ఉద్యోగం సంగతి కాదు. నేను రాసింది తప్పు. కుట్టు" అంది. కుట్టేదాకా కదల్లేదు. ఆ కాగితం నకలు బైండరుకు తీసుకెళ్లి ఇచ్చింది. అతను చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. థాంక్స్ అనలేదు. "వెనక పళ్లు మార్పించారా?" అని అడిగాడు. "మార్పించానండీ. మీరు చెప్పినట్టే" అంది పెద్దమ్మ. ఆ 'అండీ' ఎప్పుడొచ్చిందో ఆమెకు గుర్తులేదు. పక్కనే ఉన్న పెదనాన్నకు గుర్తుంది.

ఇరవై ఎనిమిది పళ్ల చక్రం బిగించాక మొదటి రోజు గుట్టలో సగం ఎక్కి దిగి నడిచింది. నాలుగో రోజు ముప్పాతిక. ఆరో రోజు దిగకుండా డిపో గేటు దాకా పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఫోను తీస్తూ కనబడ్డాడు. మూడు నెలల పాటు కండక్టర్లకు కంటి మీద కునుకు లేదు. తర్వాత వాళ్లు టీకొట్ల వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు, 'నీలం సైకిలు కనబడితే ఫోన్ చెయ్యి' అని. ఆమె సీటుకు ఎర్రగుడ్డ చుట్టింది. వాళ్లు అదీ కనిపెట్టారు.

రెండో నెలలో సైకిలు చప్పుడు చేయడం మొదలుపెట్టింది. ఎత్తు మీద, బలంగా తొక్కినప్పుడు మాత్రమే, పెడలు చుట్టుకొకసారి టిక్కు. పెద్దమ్మ ముందు బైండరును అనుమానించింది. తర్వాత చువ్వల తాతను. ఆయన కొత్తదని పాత చక్రమే పెట్టాడేమోనని మళ్లీ సుద్దతో పళ్లు లెక్కపెట్టింది. మూడుసార్లు దుకాణానికి తీసుకెళ్లింది. మూడోసారి తాత పెడళ్లు, సీటు కాడ, చువ్వలు అన్నీ విప్పి బిగించి దండం పెట్టాడు. "ఇందులో ఏమీ లేదమ్మా. నా మాట నమ్ము."

నమ్మలేదు. ఆదివారం పెదనాన్నను గుట్ట దగ్గరికి తీసుకెళ్లి, తను మెల్లగా తొక్కుతుంటే పక్కన వంగి చెవి పెట్టి నడవమంది. ఆయన వంద గజాలు అలాగే నడిచాడు. ముందు చైను దగ్గర విన్నాడు, తర్వాత పెడలు దగ్గర, ఆ తర్వాత ఇంకాస్త పైన. అక్కడ ఆగి నడుము నిటారుగా చేసుకున్నాడు.

"ఏంటండీ? దొరికిందా?"

"దొరికింది. అది సైకిలు కాదే. నీ కుడి మోకాలు."

పెద్దమ్మ సైకిలు దిగి, రోడ్డు పక్కన నిలబడి, కాలు మడిచి చాచి చూసుకుంది. టిక్కుమంది. మళ్లీ మడిచింది. మళ్లీ టిక్కుమంది. మూడోసారి కూడా చూసుకున్నాక, సరే అని సైకిలెక్కింది. ఆ మోకాలితోనే రిటైరయ్యేదాకా ఇంకో తొమ్మిదేళ్లు ఆ గుట్ట ఎక్కింది.